ఎనిమిది రెట్లు

డీఏ బకాయి పడింది, పన్నెండు వేల మూడొందలు.
ఇంట్లో మిక్సీ అన్నారు. నేను దుర్భిణి అన్నాను.
ఆ రోజంతా నాతో ఎవరూ మాట్లాడలేదు.

పదిహేడేళ్లుగా నందికొట్కూరు రూటు.
టికెట్టు కొడుతూ, చిల్లర లెక్కపెడుతూ
కిటికీలోంచి చూస్తే
గడ్డిలో ఏదో కదులుతుంది.
జింకో, మేకో, ఎవరో ఆరేసిన గోనె సంచో
తేలేలోపు డ్రైవరు గేరు మారుస్తాడు.
చిల్లర లేకుంటే టికెట్టు వెనక రాసిస్తాం కదా,
అట్లా ఆ బీడు నాకు
పదిహేడేళ్ల బాకీ.

వన్ టౌన్‌లో, కొండారెడ్డి బురుజు కనపడే సందులో
ఖాజా మొహిద్దీన్ గారి కళ్లద్దాల అంగడి.
మొదట మూడు వేలది తీశాడు,
అద్దాలకి కుంకుమ రంగు పూత.
"ఇది కొనొద్దని చెప్పేదానికే చూపిస్తుండా" అన్నాడు.
మెట్ల మీద నిలబడి ఎత్తాను.
బురుజు అంచుకి ఊదారంగు జరీ.
అంత పాత రాయికి కొత్త కోక ఎవరు చుట్టారో!
ఒక్కో కన్ను ఒక్కో బురుజు చూసింది,
కాసేపటికి కణతలు లాగాయి.

తర్వాత మెత్తటి గుడ్డలో చుట్టింది,
గొంతు తగ్గించి ధర చెప్పాడు, ఎనభై వేలు.
దాంట్లో పావురం మెడ మీద
ఆకుపచ్చ ఊదాలోకి జారే చోటు కనిపించింది.
వెంటనే తిరిగిచ్చేశాను.
ఇంకాసేపు చూస్తే
నా కళ్లంటే నాకే లోకువైపోతుంది.

మిగిలినవి రెండు, పదకొండు వేలకి అటూ ఇటూ.
ఒకటి పది రెట్లు చూపేది, ఒకటి ఎనిమిది.
ఎనిమిదికంటే పది పెద్దదని
కండక్టరుకి ఒకరు చెప్పాలా?
పదిది ఎత్తాను. పావురం దగ్గరికొచ్చింది,
దాని వెంటే నా చేతి వణుకూ పది రెట్లయి వచ్చింది.
కడ్డీ పట్టుకోకుండా టికెట్లు కొట్టిన చేతులివి,
నేను దిగినా అవి బస్సు దిగవు.

"ఎనిమిదిదే తీసుకో మద్దిలేటమ్మా,
ఎక్కువ మేర కనపడతాది, తక్కువ ఊగుతాది,
మునిమాపున వెలుతురు బాగా తాగుతాది."
నా కళ్లజోడు తీయనివ్వలేదు.
రబ్బరు కప్పులు కిందికి తిప్పి ఇచ్చాడు.
రెండు సున్నాలు కలిసి ఒకే కిటికీ అయింది,
అంచున నల్ల నెలవంక లేదు, నీడ లేదు.
"నీళ్లలో పడినా ఏం కాదు" అన్నాడు.
"నీళ్లు యాడుండాయి సామీ మనకి,
దుమ్ము పోతాదా పోదా, అది చెప్పు."
నవ్వి రెండొందలు తగ్గించాడు.

మార్గశిరంలో వీక్లీ ఆఫ్ రోజు, రోళ్ళపాడు.
కృష్ణజింక చెవి విదిలిస్తే
లేచిన ఈగ మళ్లీ అక్కడే వాలడం చూశాను.
పిల్లిగద్ద ఒకటి గడ్డి కొసలు తాకీతాకనట్టు పోయింది.
ఊపిరి బిగబట్టి చక్రం తిప్పుతుంటే
వాచర్ రంగన్న చెయ్యి చాచాడు.
"బట్టమేక వచ్చేది ఆ దిబ్బ పక్కనుంచేనమ్మా.
మా నాయన రోజూ చూసేటోడు.
నేను చిన్నప్పుడు రెండుమార్లు."
దిబ్బని చూశాను, చేతులు నొప్పెట్టేదాకా.
గడ్డిపోచ గడ్డిపోచగా కనిపించింది,
లేనిది కూడా అంత స్పష్టంగా.

అయిదు నలభైకి రోడ్డు మీద మా బస్సు.
దుర్భిణి అటు తిప్పాను.
రెండో కిటికీ దగ్గర, నా చోట
డ్యూటీలో ఉన్న సుంకన్న
చిల్లర లెక్కపెట్టడం ఆపి
గడ్డిలోకి కళ్లు చికిలించాడు,
నేరుగా నా వైపే.
చెయ్యి ఊపాను.
డ్రైవరు గేరు మార్చినట్టున్నాడు,
సుంకన్న తల తిప్పేసుకున్నాడు.
గోనె సంచి అనుకునుంటాడు.